మీరు "అంతే" అని వదిలేసిన చోట మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఒక కోర్సులో చేరేందుకు "చదవడంతో, రాయడంతో నా అనుబంధం" అనే అంశం మీద 1500 మాటల్లో వ్యాసం రాయమన్నారు. మూడు రోజులుగా కూర్చుంటున్నారు, మొదటి వాక్యం దాటలేదు. ఇంట్లో పుస్తకాలు లేవని, గొప్ప గ్రంథాలేవీ చదవలేదని, బడిలో వ్యాసాలకు ఎప్పుడూ అత్తెసరు మార్కులేనని, గత ఐదేళ్లలో ఒక్క నవల కూడా చివరిదాకా చదవలేకపోయానని చెప్పారు. మధ్యలో ఒకచోట, "మా అమ్మమ్మకు చదువు రాదు, ఆవిడకు వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేదాన్ని, అంతే" అని రాసి, వెంటనే మళ్లీ మార్కుల సంగతిలోకి వెళ్లిపోయారు.

నేను ఆ "అంతే" దగ్గర ఆగిపోయాను. మీరు వెతుకుతున్న వ్యాసం ఆ వాక్యంలోనే ఉంది.

పెద్దవాళ్లకు రాయడం నేర్పే పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. ఇదే అంశం మీద వచ్చిన వ్యాసాలు వందల్లో చదివి ఉంటాను. వాటిలో చాలా భాగం ఒకే వాక్యంతో మొదలవుతాయి: "చిన్నప్పటి నుంచి నాకు పుస్తకాలంటే ప్రాణం." ఆ తర్వాత చదివిన పుస్తకాల పట్టీ వస్తుంది. ఆఖరున అక్షరం జీవితానికి వెలుగునిస్తుంది. పేర్లు చెరిపేసి రెండు వ్యాసాలను తారుమారు చేస్తే రాసినవాళ్లే తమది ఏదో పోల్చుకోలేరు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనను. ప్రాణం అనగానే అంతా చెప్పేశామనుకుని ఆగిపోతారు, చదివేవాడికేమో ఇంకా ఏదీ కనబడి ఉండదు. ఇంకో మాట చెబితే మీకు కాస్త ఊరటగా ఉంటుందేమో: ఇంటి నిండా పుస్తకాల మధ్య పెరిగినవాళ్ల వ్యాసాలే తరచూ చప్పగా ఉంటాయి. వాళ్లకు చదవడం ఊపిరి పీల్చడంలాంటిది. ఊపిరి పీల్చడం గురించి ఎవరైనా ఎంతని రాస్తారు?

సరే, మీ అమ్మమ్మ దగ్గరికి వద్దాం. ఎక్కడ కూర్చుని చదివేవారు? ఆవిడ చేతిలో పని పెట్టుకుని వినేవారా, పని పక్కన పెట్టి వినేవారా? మధ్యలో ఆపి, "అదెలా కుదురుతుంది, పోయిన వారం వాడు వెళ్లిపోయాడన్నావుగా" అని నిలదీసేవారా? గట్టిగా చదవడానికి మీకు సిగ్గేసిన పేరా ఎప్పుడైనా వచ్చిందా? వస్తే దాటేశారా? దాటేసిన సంగతి ఆవిడ పట్టుకున్నారా? పేజీ అడుగున "సశేషం" అన్న మాటను మీరు పైకి చదివేవారా, లేక మీ గొంతు దిగడాన్ని బట్టి ఆవిడే గ్రహించి నిట్టూర్చేవారా?

వీటిలో సగానికి మీకు జవాబు గుర్తుండదు. గుర్తున్న సగమే చాలు. ఆ పేజీల మీద ఏముందో ఆవిడకు తెలియాలంటే మీరే దిక్కు. చిన్నపిల్ల చేతిలో ఒక పెద్దావిడ వారమంతటి ఎదురుచూపు ఉంది. బడిలో వ్యాసానికి వచ్చిన మార్కులకూ దీనికీ సంబంధం లేదు కాబట్టే మీరు దీన్ని చదువు కింద లెక్కవేయలేదు.

ఇలాంటిదే ఒకటి చెబుతాను. నా దగ్గర నేర్చుకున్న ఒకాయన తొమ్మిదేళ్ల వయసులో పక్కింటి ముసలావిడకు కొడుకు రాసిన ఉత్తరం చదివి పెట్టాడు. ఉత్తరంలో "ఈసారి డబ్బు పంపలేను" అన్న వాక్యం ఉంది. ఆవిడ ముఖం చూసి ఆ వాక్యం మింగేశాడు. ఆవిడ నెలంతా డబ్బు కోసం ఎదురుచూసింది. ఆయన రాసిన వ్యాసం మొత్తం ఆ ఒక్క సాయంత్రం గురించే. ఆ వాక్యం కాగితం మీద ఎక్కడుందో, దాన్ని దాటించడానికి ముందు వాక్యాన్నీ వెనక వాక్యాన్నీ ఎలా అతికించాడో రాశాడు. అది తన మొదటి రచన అని మాత్రం ఆయన ఎక్కడా అనలేదు. అనకపోవడమే మంచిదైంది. ఈ అంశం మీద నేను చదివిన వాటిలో దానికి మించినది లేదు. ఆయనా మొదటి రోజు నాతో, "నేను ఉత్తరాలు తప్ప ఏమీ చదవలేదండీ" అనే అన్నాడు.

ఇతరులకు చదివి వినిపించడం తక్కువ రకం చదువు అని మీకు లోపల ఎక్కడో ఉన్నట్టుంది. ఒంటరిగా, పెదవి కదపకుండా చదివితేనే చదువరి అన్న లెక్క నిజానికి అంత పాతదేమీ కాదు. క్రీ.శ. 400 ప్రాంతంలో రాసిన తన ఆత్మకథలో క్రైస్తవ మతాచార్యుడు అగస్టీన్, మిలాన్ బిషప్ ఆంబ్రోస్ చదివే తీరును ప్రత్యేకంగా వర్ణించాడు. కళ్లు పేజీ మీద కదులుతున్నాయట, గొంతూ నాలుకా మాత్రం కదలడం లేదట. మౌనంగా చదవడం అప్పట్లో ఎవరూ ఎరగనిది కాదు గానీ, ఆగి రాసేంత విశేషంగా ఆయనకు తోచింది. ఆంబ్రోస్ అలా ఎందుకు చదువుతాడో ఊహించడానికి కూడా ప్రయత్నించాడు. గొంతు బొంగురుపోకుండా కాపాడుకోవడానికి కావచ్చు, లేదా పైకి చదివితే వినేవాళ్లు అర్థం కాని చోట ఆపి ప్రశ్నలు వేస్తారని కావచ్చు అన్నాడు. ఈ రెండో కారణం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. బిషప్ గారు తప్పించుకున్నది మీ అమ్మమ్మలాంటి శ్రోతల నుంచే.

మరో సంగతి కూడా గమనించండి. పాత లాటిన్ రాతప్రతుల్లో మాటల మధ్య ఖాళీ ఉండేది కాదు. ఏడో శతాబ్దం నుంచి ఐరిష్ లేఖకులు మాటకూ మాటకూ మధ్య చోటు వదలడం మొదలుపెట్టారు. మన తాళపత్రాల్లోనూ అక్షరాలు వరసగా సాగిపోతాయి. అలాంటి రాతలో ఎక్కడ విరవాలో తేల్చాల్సింది చదివేవాడే. పైకి చదివే పిల్లలు ఇప్పటికీ ఆ పని కొంత చేస్తూనే ఉంటారు. ఊపిరి సగంలో అయిపోతుంది, తప్పు చోట ఆగుతారు, వినేవాళ్ల ముఖం చూసి వెనక్కి వెళ్లి మళ్లీ అందుకుంటారు. మీకు కామా ఎక్కడ పెట్టాలో ఎవరు నేర్పారని అడిగితే పాఠం చెప్పినవాళ్ల పేరు చెబుతారు. నేనైతే అమ్మమ్మ పేరు చెప్పమంటాను.

ఇక రెండో విషయం. మీ ప్రశ్నలో "చదవడం-రాయడం" అని రెండింటినీ ఒకే మూటగా కట్టేశారు. విప్పండి. అవి రెండు వేరు వేరు చరిత్రలు, చాలామంది జీవితాల్లో వాటి మధ్య ఏళ్ల దూరం ఉంటుంది. దేశాల చరిత్రలోనూ అంతే. స్వీడన్‌లో 1686 నాటి చర్చి చట్టం అందరూ చదవగలగాలని చెప్పింది. మతగురువులు ఇళ్లకు వచ్చి పరీక్ష పెట్టేవారు. ఫలితంగా పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ చదవగలిగినవాళ్లు చాలామంది, రాయగలిగినవాళ్లు కొద్దిమంది. రాయమని ఎవరూ అడగలేదు మరి.

ఆడవాళ్లు చదవడాన్ని తప్పుగా చూసిన పందొమ్మిదో శతాబ్దపు బెంగాల్‌లో, రాససుందరీ దేవి అనే గృహిణి కథ దీన్ని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఒక పుస్తకంలోంచి పేజీ ఒకటి తీసి, వంటింట్లో దాచుకుంది. కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి సంపాదించింది. చిన్నప్పుడు పిల్లలు చదువుకుంటుంటే చెవిన పడిన అక్షరాలను మనసులో తిరగేస్తూ, ఆ పేజీనీ ఈ తాటాకునూ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ చదవడం నేర్చుకుంది. అది చదవడం వరకే. రాయడం వచ్చింది చాలా ఏళ్ల తర్వాత, తన ఉత్తరాలకు జవాబు ఎందుకు రాయవని కొడుకు అడిగి కాగితం, కలం ఇచ్చాక. రహస్యంగా నేర్చుకోవడానికి రాత అనువైనది కాదు. పేజీని దాచవచ్చు, సిరా, కలం, కాగితం, కూర్చునే చోటు, తీరిక దాచడం కష్టం. ఆ జీవితాన్ని ఆవిడ తర్వాత ఆత్మకథగా రాసింది.

ఫ్రెడరిక్ డగ్లస్ కూడా అలాగే రెండు దారుల్లో రెండూ సంపాదించాడు. అమెరికాలో బానిసగా పెరిగిన పిల్లవాడు. అక్షరాలు నేర్పుతున్న యజమానురాలిని భర్త ఆపేశాడు. డగ్లస్ తర్వాత వీధిలో తెల్ల పిల్లలకు రొట్టె ఇచ్చి చదవడం నేర్చుకున్నాడు. రాత నేర్చుకున్నది ఓడలు కట్టే చోట. కొయ్య దూలం ఓడకు ఎడమ వైపుదా కుడి వైపుదా తెలియడానికి వడ్రంగులు దానిమీద ఒకటి రెండు అక్షరాలు గీసేవారు. వాటిని చూసి దిద్దుకున్నాడు, ఆ నాలుగు అక్షరాలతో "నీకంటే నేను బాగా రాస్తాను" అని పిల్లలతో పందెం వేసి మిగతావి రాబట్టాడు. 1845లో అచ్చయిన ఆయన జీవితకథలో ఈ భాగం చదివినవాళ్లు విద్య గొప్పతనం గురించిన వాక్యాలు మరచిపోయినా రొట్టెను, దూలాన్ని మరచిపోరు.

వీళ్లతో పోల్చుకుని మీ జీవితంలో కష్టాలు తక్కువని మళ్లీ బాధపడకండి. ఇద్దరి దగ్గరా నేను చూపిస్తున్నది కష్టాన్ని కాదు, వస్తువులను. ఒక పేజీ, ఒక తాటాకు, రొట్టె, కొయ్య దూలం. మీ వస్తువులేమిటి? వారపత్రిక ఒకటి ఉంది. ఇంకా వెతకండి. రాత వైపు చూడండి: మొదటిసారి ఎవరి కోసం, ఏ అవసరానికి రాశారు? సెలవు చీటీ కావచ్చు, సరుకుల పట్టీ కావచ్చు, ఎవరి తరఫునో నింపిన దరఖాస్తు కావచ్చు, పంపకుండా చించేసిన ఉత్తరం కావచ్చు. మొదటి సంతకం పెట్టడానికి ముందు కాగితాల వెనక ఎన్నిసార్లు సాధన చేశారు? అమ్మమ్మ సంతకం పెట్టేవారా, వేలిముద్ర వేసేవారా? ఆవిడకు మీరు అక్షరాలు నేర్పడానికి ఎప్పుడైనా ప్రయత్నించారా? ప్రయత్నించకపోతే ఎందుకు? ఆ చివరి ప్రశ్న కొంచెం గుచ్చుకుంటుందని తెలుసు. అందుకే అడిగాను.

ఇప్పుడు జ్ఞాపకం గురించి. దాన్ని పూర్తిగా నమ్మవద్దని నా సలహా, స్వానుభవంతో చెబుతున్నాను.

నాకు అక్షరాలు నేర్పింది మా నాన్నగారని చాలా ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను. సాయంత్రం, దీపం, ఆయన ఒళ్లో నేను, నా చెయ్యి పట్టుకుని "అ" దిద్దించడం, అన్నీ కళ్లకు కట్టినట్టు ఉండేవి. క్లాసులో ఉదాహరణగా కూడా చెప్పేవాణ్ని. ఒకసారి పాత పెట్టె సర్దుతుంటే నా చూచిరాత పుస్తకం దొరికింది. ప్రతి పేజీలోనూ నా వంకర అక్షరాల పక్కన పెన్సిలుతో సరిదిద్దిన అక్షరాలు ఉన్నాయి. ఆ అక్షరాలకు తలకట్టు మామూలుగా లేదు. కొక్కెంలా పైకి లేవకుండా, అక్షరం నెత్తిన చిన్న పుల్ల పెట్టినట్టు అడ్డంగా ఉంది. మా ఇంట్లో తలకట్టు అలా పెట్టేది ఒక్కరే, నాకంటే ఆరేళ్లు పెద్దదైన మా అక్క. నాన్నగారి చేతిరాత ఆ పుస్తకంలో ఒక్కచోట ఉంది, అట్ట మీద నా పేరు.

అక్కకు ఫోను చేసి అడిగాను. "రోజూ నీకు కథలు చదివి పెట్టలేక చచ్చేదాన్నిరా. నీ కథలు నువ్వే చదువుకుంటావని నేర్పాను" అంది. అంతటితో నా దీపం, ఒడి, సాయంత్రం అన్నీ పోయాయి. అంత చక్కని దృశ్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

1932లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనోవిజ్ఞాన పరిశోధకుడు అచ్చువేసిన ప్రయోగాలు చదివాక నా మీద నాకు కాస్త జాలి కలిగింది. ఇంగ్లండ్‌లోని తన పాఠకులకు ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇచ్చి, కొంత కాలం తర్వాత గుర్తున్నంత చెప్పమన్నాడు. వాళ్లు తమకు అలవాటు లేని వివరాలను వదిలేశారు, మిగిలిన వాటిని తమకు తెలిసిన లోకంలోకి మార్చుకున్నారు. దొప్పపడవ మామూలు పడవ అయింది, సీలు వేట చేపల వేట అయింది. చెబుతున్నప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నామనే అనుకున్నారు. నేను చేసిందీ అదే. చదువు చెప్పేది నాన్న అని ఎక్కడో విని ఉంటాను, అక్కను తీసేసి ఆయనను కూర్చోబెట్టాను.

అందుకని రాయడానికి ముందు రుజువులు పోగుచేయండి. పాత నోటు పుస్తకాలు, ఉత్తరాలు, పుస్తకాల అంచున రాసుకున్న మాటలు, మార్కుల జాబితా, చివరికి ఫోనులో మీరు పంపుకున్న పాత సందేశాలు. అమ్మమ్మ ఉంటే ఆవిడను అడగండి, లేకపోతే ఆ గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఉండిన ఇంకెవరినైనా అడగండి. మీకు గుర్తున్నదీ వాళ్లకు గుర్తున్నదీ కలవకపోతే రెండూ రాయండి.

చదవడం వచ్చిన క్షణం గుర్తు లేదని రాశారు. ఎవరికీ సరిగా ఉండదు, ఎందుకంటే వచ్చాక అది లేని స్థితికి మనం వెనక్కి వెళ్లలేం. "ఎరుపు" అన్న మాటను నీలం సిరాతో రాసి, సిరా రంగు చెప్పమంటే నాలుక తడబడుతుంది. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ అచ్చువేసిన ప్రయోగం ఇది. చదవవద్దనుకున్నా కన్ను చదివేస్తుంది. చదవలేని మిమ్మల్ని మీరు ఊహించుకోవాలంటే మొదటి లిపిని వదిలేసి రెండోదాన్ని పట్టుకోండి. పెద్దయ్యాక నేర్చుకున్న ఇంకో భాష అక్షరాలో, కీబోర్డు మీద తెలుగు టైపు చేయడం నేర్చుకున్న వారమో. ఏ వత్తు కోసం ఏ మీట నొక్కాలో తెలియక "జ్ఞానం" అన్న మాట దగ్గర పావుగంట కూర్చున్నది గుర్తుందా? ఆరేళ్ల వయసులో మీరు ఉన్న స్థితికి దగ్గరగా ఉన్నది అదే. అక్కడి నుంచి రెండు మూడు వివరాలు అరువు తెచ్చుకోవచ్చు, ఎక్కడివో చెప్పి.

మార్కుల గురించి ఎక్కువ చెప్పను. ఎర్ర సిరాతో ఎవరో ఏదో రాసి ఉంటారు, అది మిమ్మల్ని ఇప్పటికీ పట్టి ఉంచింది. అదే మాటను, గుర్తుంటే, ఉన్నదున్నట్టు ఒక్కసారి రాయండి. ఆ మర్నాడు మీరు చేసిన పని రాయండి. రాసినవారి పేరు అక్కర్లేదు, తీర్పు కూడా అక్కర్లేదు. ముఖ్యంగా ఆ అవమానాన్ని మెట్టుగా చేసుకుని పైకెక్కానన్న ముగింపు వద్దు. మీరు ఇంకా ఎక్కలేదని మీ ప్రశ్నలోనే ఉంది, అది దాచిపెడితే వ్యాసం మొత్తం అనుమానంగా కనిపిస్తుంది.

ఐదేళ్లుగా నవల పూర్తి చేయలేదన్నది నేరాంగీకారంలా రాశారు. దాన్ని కాస్త దగ్గరగా చూడండి. ఏ పేజీ దగ్గర ఆగారు? గుర్తు కోసం పేజీల మధ్య ఏమి పెట్టారు, అది ఇంకా అక్కడే ఉందా? ఆ ఐదేళ్లలో రోజుకు ఎన్ని గంటలు తెర మీద అక్షరాలే చదివారు? చదవడం మానేశారన్నది నిజం కాకపోవచ్చు. ఎవరూ పక్కన కూర్చుని "తర్వాత?" అని అడగని చదువు మీకు రుచించకపోయి ఉండవచ్చు. ఇది నా ఊహ మాత్రమే, తప్పయితే కొట్టిపారేయండి.

వరస ఎలా అని అడిగారు. పుట్టుక నుంచి మొదలుపెట్టి ఇప్పటిదాకా రావద్దు, 1500 మాటలు దానికి చాలవు. అమ్మమ్మతో ఒక్క వారం, ఒక్క సంచిక తీసుకోండి. ఏడెనిమిది వందల మాటలు అక్కడే ఖర్చుపెట్టండి. ఎర్ర సిరాకు రెండు వందలు. రాత ఎప్పుడు మొదలైందో దానికి మూడు వందలు. మిగిలినది నవల ఆగిపోయిన పేజీకి. వీటిని కలపడానికి "ఆ విధంగా", "అప్పటి నుంచి" అంటూ వంతెనలు కట్టకండి, పక్కపక్కన పెడితే చదివేవాళ్లే దాటుతారు. మొదటి చిత్తు చేత్తో రాయండి, తప్పులు దిద్దకండి. అది అయ్యాక ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి చదవండి. మీకు ఆ పని బాగా వచ్చు. వినేవాళ్లు ఎక్కడ ఆపి ప్రశ్న వేస్తారో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకోండి, రెండో చిత్తులో ముందుగా ముట్టుకోవాల్సింది ఆ చోట్లనే.

ఆ సీరియల్ పేరు గుర్తుంటే రాయండి. గుర్తు లేకపోతే వెతికి పట్టుకోవాల్సిన పని లేదు. అమ్మమ్మ దాన్ని ఏమని పిలిచేవారో అది రాయండి.